హోటల్ బిల్లు ఎవరి ఆకలి మీద తగ్గుతోంది?

మా ఫ్యామిలీ గ్రూపులో మొన్న ఒక ఫార్వర్డ్ వచ్చింది. ఇంటిల్లిపాదీ హోటల్‌కి వెళ్లినప్పుడు డబ్బు ఎలా మిగుల్చుకోవాలో చెప్పే లిస్టు. బయల్దేరే ముందు ఇంట్లో కాస్త పెరుగన్నం తిని వెళ్లండి, పిల్లల చేతికి మెనూ ఇవ్వకండి, పెద్దవాళ్లు ఎలాగూ తక్కువే తింటారు కాబట్టి వాళ్లకి విడిగా ఏమీ చెప్పకండి, ఉన్నదాంట్లోనే సర్దేయండి. ఇలాంటివే ఇంకో అరడజను. అందరూ చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు. మా పిన్నత్తయ్య మాత్రం "మేం పెళ్లయినప్పట్నుంచీ చేస్తున్నది ఇదేగా" అని రాసింది. ఆవిడ మెచ్చుకుంటూనే రాసింది, అందులో నిష్ఠూరమేమీ లేదు. కానీ ఏ హోటల్లోనైనా ఆవిడ తనకంటూ ఒక ప్లేటు చెప్పుకోవడం నేనింతవరకూ చూడలేదు. అందుకే ఆ లిస్టు నాకు చాలా బాధనిపించింది, ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

బయట తిండికి డబ్బు తగ్గించుకోవద్దని నేననను. హైదరాబాద్‌లో ఆరుగురున్న ఇల్లు మాది. అత్తయ్య, మావయ్య, మేమిద్దరం, ఇంటర్ చదివే అమ్మాయి, ఏడో తరగతి పిల్లాడు. ఆదివారం సాయంత్రం అందరం కలిసి ఓ మోస్తరు ఏసీ రెస్టారెంట్‌లో కూర్చుంటే ఆ బిల్లుతో ఇంట్లో వారం రోజుల కూరగాయలూ పాలూ వచ్చేస్తాయి. కాబట్టి జాగ్రత్త పడాల్సిందే. నా మాటల్లా ఏమిటంటే, ఆ జాగ్రత్త సగానికి పైగా ఇంట్లోంచి కాలు బయటపెట్టకముందే అయిపోవాలి, మిగతాది ఆర్డర్ చెప్పే తీరులోనూ బిల్లు చూసుకోవడంలోనూ ఉండాలి. మనుషుల పళ్లేల దగ్గర మాత్రం ఉండకూడదు. టేబుల్ దగ్గర కూర్చున్నాక తగ్గిద్దామని చూస్తే అది ఎవరో ఒకరి కడుపు మీదే పడుతుంది. ఆ ఒకరు ఎవరో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు.

"నాకేం వద్దులే, మీరు తినండి"

ఈ మాట వినని తెలుగిల్లు ఉంటుందా? మెనూ చేతికి రాగానే అమ్మ కళ్లు ముందు కుడివైపు అంకెల మీదకే పోతాయి. ఒక నిమిషం చూసి మూసేసి, "పొద్దున్నుంచీ కడుపు ఉబ్బరంగా ఉంది, మీరు తినగా మిగిలింది తింటాలే" అంటుంది. పిల్లలు నమ్మేస్తారు. మొగుడు నమ్మినట్టు ఉంటాడు. చివరికి బిర్యానీ ప్లేటులో మిగిలిన ఉత్త అన్నం, ముక్కలయిపోయిన గ్రేవీ, చల్లారిన నాన్ సగం ఆవిడ వైపు జరుగుతాయి. ఇంటికొచ్చాక గిన్నెలో ఉన్న అన్నంలో మజ్జిగ పోసుకుని నిలబడే తింటుంది. ఆ పూట మిగిలిన రెండొందలో మూడొందలో అక్కణ్నుంచి వచ్చినవే. ఇంకెవరి దగ్గర్నుంచీ కాదు.

మా అత్తయ్య విషయంలో ఇది నాకు మరీ దగ్గరగా తెలిసింది. ఆవిడకి షుగరు. రాత్రిపూట చాలా కొంచెం తింటుంది, అది నిజం. అందుకని బయటికెళ్తే "అమ్మకి ఏం చెప్పక్కర్లేదు" అనడం మా ఇంట్లో అలవాటైపోయింది. ఓసారి మా అమ్మాయి ఊరుకోకుండా "నానమ్మా, నీకు ఏది ఇష్టమో ఒక్కటి చెప్పు, సగం నేను తింటా" అని పట్టుబడితే, చాలాసేపు బతిమాలించుకుని, "స్వీట్‌కార్న్ సూప్ ఉంటుందా ఇక్కడ?" అంది. మా మావయ్య ఆశ్చర్యంగా చూశారు. ఇన్నేళ్లలో ఆవిడకి సూప్ ఇష్టమని ఆయనకి తెలీదు. ఆ సూప్ ఖరీదు ఆ రోజు మేం తాగకుండా వదిలేసిన కూల్‌డ్రింకుల కంటే ఎక్కువేం లేదు.

నిజంగానే ఆకలి లేని పెద్దవాళ్లు ఉండరా అంటే, ఉంటారు. బలవంతంగా ప్లేటు నింపి పారేయడం ఇంకా పెద్ద దండగ. తేడా ఎలా తెలుస్తుందంటే, నాకు తోచిన దారి ఒక్కటే. హోటల్లో అడగకూడదు. అక్కడ రేట్లు కళ్లెదుట ఉంటాయి కాబట్టి నిజం చెప్పరు. ఇంట్లో, వెళ్లడానికి ముందు రోజు, "ఈసారి ఎక్కడికెళ్దాం, నీకు ఏం తినాలనుంది?" అని అడగాలి. డబ్బు మాట లేనిచోట మనసులో మాట బయటికొస్తుంది.

బిల్లు కట్టే మగాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మా ఆయన జీతం ఒక్కటే ఇంటికి ఆధారమైన రోజుల్లో, హోటల్లో పిల్లలు ఒక్కో ఐటం పేరు చెప్తుంటే ఆయన మొహంలో టెన్షన్ నాకు తెలిసేది. ఆ టెన్షన్ని పిసినారితనం అని కొట్టిపారేయడం అన్యాయం. నెలాఖరున ఈఎంఐ కట్టాల్సింది ఆయనే. అసలు ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో ముందే అనుకుని ఉంటే ఆ టెన్షనే ఉండదు, ఆ టెన్షన్ని చూసి అమ్మ నోరు కట్టుకోవాల్సిన పనీ ఉండదు. రెంటికీ మూలం ఒకటే.

ఇంట్లో వండుకుంటే పోలా?

ఇలాంటి విషయం ఎత్తగానే వచ్చే మొదటి సలహా ఇది. బయట తినడమే దండగ, అదే బిర్యానీ ఇంట్లో పావు ఖర్చుతో అయిపోతుంది అంటారు. లెక్క ప్రకారం కాదనలేం. చికెన్, బాస్మతి బియ్యం, నూనె, మసాలా, గ్యాసు అన్నీ కలిపినా హోటల్ బిల్లు ముందు నిలవవు. కానీ ఆ లెక్కలో ఆదివారం పొద్దున్నే చికెన్ షాపు దగ్గర నిలబడ్డం, ఉల్లిపాయలు ఎర్రగా వేయించడం, ధమ్ పెట్టాక ఆ గిన్నెలు తోమడం ఎవరి ఖాతాలో రాశారు? ఆరు రోజులు వంట చేసే మనిషికి ఏడో రోజు కూడా వంటే అయితే, ఆ ఇంట్లో డబ్బు మిగిలిందని సంబరపడాల్సింది ఏముంది? నా మటుకు నాకు బయట భోజనం అంటే సగం రుచి వంటింటికి తలుపేసి వెళ్లడంలోనే ఉంది.

కేంద్ర ప్రభుత్వం చేసిన 2022-23 గృహ వినియోగ సర్వే చూస్తే, దేశంలో పట్టణ కుటుంబాల నెల ఖర్చులో పానీయాలకీ, ప్రాసెస్డ్ ఫుడ్‌కీ, బయట కొనుక్కునే తిండికీ కలిపి పది శాతం దాటుతోంది. బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాలకి అయిదు శాతం కూడా లేదు. అయినా బియ్యం బస్తా బేరం ఆడేంత శ్రద్ధగా మనం ఈ పది శాతాన్ని చూడటం లేదు. చూడాలి. చూస్తే కొన్ని మధ్యేమార్గాలు కూడా కనిపిస్తాయి.

ఉదాహరణకి కర్రీ పాయింట్. అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో బ్యాచిలర్ల కోసం పుట్టి పెరిగినవి ఇవాళ కుటుంబాలకి కూడా పెద్ద ఆసరా. ఇంట్లో కుక్కర్లో అన్నం పడేసి, ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, సాంబారు తెచ్చుకుంటే ఆరుగురికీ హాయిగా గడిచిపోతుంది, ఖర్చు రెస్టారెంట్‌తో పోల్చుకోనక్కర్లేదు. ఒంట్లో బాగోలేని రోజుకి, ఆఫీసునుంచి ఆలస్యమైన రోజుకి నేను దీనికే ఓటేస్తాను. అలాంటి రోజుల్లో యాప్ తెరిచి ఆరుగురికి ఆరు రకాలు చెప్పేస్తే డెలివరీ చార్జీ, ప్యాకింగ్ చార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు అన్నీ కలిసి తడిసి మోపెడవుతుంది. పైగా చాలా హోటళ్లు యాప్‌లో పెట్టే రేటు వాళ్ల టేబుల్ మీదున్న మెనూ రేటు కంటే ఎక్కువే ఉంటుంది, కమిషన్ వాళ్లూ ఎక్కణ్నుంచో రాబట్టుకోవాలి కదా. అవసరం కోసం కొన్న తిండిని, సరదా కోసం వెళ్లే భోజనాన్ని విడదీసి చూస్తే మొదటిదాంట్లో మిగిల్చింది రెండోదానికి పనికొస్తుంది. మా ఇంట్లో అయితే నెలకి ఒక మంచి భోజనం ఈ దారిలోనే కుదురుతోంది.

ఎక్కడికి వెళ్లాలి అనేదే అసలు బేరం

ఖరీదైన చోటికి వెళ్లి తక్కువ తినడం కంటే, మనకి అందే చోటికి వెళ్లి కడుపునిండా తినడం మేలు. ఇది అందరికీ తెలిసిన మాటే, అయినా జరిగేది మాత్రం వేరుగా ఉంటుంది. రీల్స్‌లో చూసిన చోటు, లైట్లు బాగున్న చోటు అని వెళ్లి అక్కడ సూప్ రేటు చూసి బిగుసుకుపోతాం. అప్పుడు మొదలవుతుంది "నాకేం వద్దులే".

మండీ సంగతి చూడండి, అదే, అన్నం మీద మాంసం పెట్టి ఇచ్చే అరబ్బు వంటకం. హైదరాబాద్‌లోని బార్కస్‌లో యెమెన్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు ఉంటారు, అక్కణ్నుంచి ఈ తిండి ఊరంతా పాకింది. పెద్ద పళ్లెం మధ్యలో పెట్టి అందరూ చుట్టూ కూర్చుని తినే పద్ధతి కాబట్టి పంచుకోవడంలో మొహమాటం లేదు, ఎవరి వాటా ఎంతో ఎవరూ కొలవరు. పిల్లాడు ఎక్కువ తింటాడు, నానమ్మ తక్కువ తింటుంది, అయినా అందరూ ఒకే పళ్లెంలో తిన్నట్టే. కాకినాడ సుబ్బయ్య హోటల్ బుట్ట భోజనం తెచ్చుకుని ఇంట్లో అందరూ పంచుకు తినేవాళ్లని అడగండి, ఇదే చెప్తారు. కుటుంబం మొత్తానికి అని తయారైన తిండి మనిషికో ప్లేటు కంటే చవగ్గానూ పడుతుంది, ఎవర్నీ పక్కన పెట్టదు కూడా.

బఫే గురించి ఇంట్లో మాకు ఎప్పుడూ వాదనే. తలకి ఇంత అని రేటు, తిన్నవాళ్లకి తిన్నంత, కాబట్టి లాభం అంటాడు మా పిల్లాడు. వాడి వయసుకి అది నిజం. కాలేజీ కుర్రాళ్లు నలుగురు వెళ్తే నిజంగానే గిట్టుబాటు. కానీ షుగరున్న అత్తయ్య, రాత్రి రెండు చపాతీలకి మించి తినని మావయ్య, వాళ్లకీ అదే రేటు కట్టాలి. చాలాచోట్ల చిన్నపిల్లలకి తక్కువ రేటు ఉంటుంది గానీ, తక్కువ తినే పెద్దవాళ్లకి ఉండటం అరుదు. అన్ని వయసులవాళ్లూ ఉన్న ఇంటికి బఫే కలిసిరాదు. పైగా కట్టిన డబ్బు రాబట్టుకోవాలనే ఆలోచన మొదలైతే తిండి తిండిలా ఉండదు, మూడో రౌండ్ చికెన్ వింగ్స్ తర్వాత మొహాలు చూస్తే తెలుస్తుంది. వెళ్లాలనుంటే మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి, శనాదివారాల రాత్రి రేటుకీ దానికీ బాగా తేడా ఉంటుంది.

ఇక డిస్కౌంట్లు. టేబుల్ బుక్ చేసుకుంటే ముప్పై శాతం తగ్గింపు, ఫలానా కార్డుతో కడితే ఇంకో పది శాతం అని ఫోను మోగుతూనే ఉంటుంది. నేనూ వాడతాను. కాకపోతే ఆఫర్ చూసి చోటు ఎంచుకోవడం మానేశాం. ముందు ఎక్కడికి వెళ్లాలో అనుకుని, అక్కడ ఆఫర్ ఉందేమో చూడటం మొదలుపెట్టాం. మామూలుగా రెండు వేల బిల్లయ్యే చోటు వదిలి, నాలుగు వేలు అయ్యేచోట ముప్పై శాతం తగ్గిస్తే కట్టేది రెండు వేల ఎనిమిది వందలు. పన్నెండు వందలు మిగిలాయని స్క్రీన్ మీద వస్తుంది, ఎనిమిది వందలు ఎక్కువ పెట్టామని ఎక్కడా రాదు.

ఇంకోటి, బయటికెళ్లిన ప్రతిసారీ భోజనమే చేయాలని ఎక్కడుంది? రాత్రి ఇంట్లోనే తినేసి, మొజంజాహీ మార్కెట్‌కి వెళ్లి తలో ఐస్‌క్రీం తిన్నా పిల్లలకి అది షికారే. పొద్దున్నే లేచి అందరం టిఫిన్ సెంటర్‌కి వెళ్లి ఇడ్లీ, పూరీ, మైసూర్ బజ్జీ, పెసరట్టు తిని రావడం అయితే రాత్రి భోజనంలో నాలుగోవంతు ఖర్చుతో అయిపోతుంది. అక్కడ మా మావయ్య కూడా సంకోచం లేకుండా రెండో ప్లేటు గారెలు అడుగుతారు. ఆయన అలా అడగడం ఏ ఏసీ రెస్టారెంట్‌లోనూ నేను వినలేదు.

ఆర్డర్ చెప్పే వరస

మన హోటళ్లలో సర్వర్ ఒక వరసలో అడుగుతాడు. వాటర్ రెగ్యులరా, బాటిలా? సూప్స్ ఏమైనా? స్టార్టర్స్? తర్వాతే మెయిన్ కోర్సు. ఆకలి మీద ఉన్నవాళ్లని ఆ వరసలో అడిగితే కడుపు సగం చికెన్ 65తోనూ అపోలో ఫిష్‌తోనూ నిండిపోతుంది, స్టార్టర్ రేటు ఒక్కోచోట బిర్యానీకి దగ్గరగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన బిర్యానీ మిగిలిపోతుంది. మేం దీన్ని తిరగేశాం. బిర్యానీ ముందు చెప్తాం. అది ఎలాగూ హండీలో సిద్ధంగా ఉంటుంది, పది నిమిషాల్లో టేబుల్ మీదకొస్తుంది, స్టార్టర్ అయితే అప్పుడు వేయించి తేవాలి. తిన్నాక ఇంకా కావాలనిపిస్తే అప్పుడు ఒక స్టార్టర్. చాలాసార్లు అనిపించదు. అనిపిస్తే మాత్రం మొహమాటం లేకుండా చెప్తాం.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి, బయట కుర్చీల్లో జనం కాచుకుని ఉన్నప్పుడు రెండో విడత ఆర్డర్ చెప్తే అరగంట రాదు, మన వెనకే నిలబడి "ఇంకా ఎంతసేపు" అన్నట్టు చూసేవాళ్లుంటారు. అందుకే ఏడింటికల్లా కూర్చునేలా బయల్దేరతాం. పిల్లల ఆకలికీ పెద్దవాళ్ల మందుల టైముకీ కూడా అదే సరిపోతుంది.

బిర్యానీ మనిషికొక ప్లేటు చెప్పడం మన దగ్గర పెద్ద వృథా. చాలాచోట్ల ఒక ఫుల్ ఇద్దరు తిన్నా మిగులుతుంది. ఫ్యామిలీ ప్యాక్, జంబో ప్యాక్ అంటే ఒక్కో హోటల్లో ఒక్కో కొలత కాబట్టి పేరు చూసి నమ్మకుండా, "ఎంతమందికి వస్తుంది, పీసులు ఎన్నుంటాయి?" అని అడగండి. ముక్కల దగ్గరే ఇళ్లల్లో తగువు. లెగ్ పీస్ ఇద్దరు పిల్లలకీ కావాలి, అది రెండూ వచ్చే సైజు చెప్పుకుంటే చాలు. మెల్లగా అడిగితే ఏ సర్వరూ విసుక్కోడు, పైగా తనే "ఇది చాలు మేడమ్, ఎక్కువైపోతుంది" అని చెప్పినవాళ్లు నాకు చాలామంది తగిలారు. సూప్ వన్ బై టూ చెప్పడానికి ఈ ఊళ్లో ఎవరూ సిగ్గుపడరు, వాళ్లే రెండు బౌళ్లలో సర్ది తెస్తారు.

మిగిలింది ప్యాక్ చేయించుకోవడానికి మాత్రం ఇప్పటికీ మొహమాటపడేవాళ్లని చూస్తున్నాను. మనం డబ్బు కట్టిన తిండి అది. మిగిలిన బిర్యానీ మర్నాడు పిల్లాడి సాయంత్రం ఆకలికి సరిపోతే, ఆ పూట ఇంకేదీ కొనక్కర్లేదు. ఇంటికెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టడం మరచిపోకూడదు, అంతే.

నీళ్ల బాటిల్ మీద ఒక మాట. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే కేసు పెట్టొచ్చని చాలామంది వాదిస్తారు గానీ, కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు ఎమ్మార్పీకి కట్టుబడనక్కర్లేదని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి గొడవ పడటం కంటే "రెగ్యులర్ వాటర్ చాలు" అనడం సులువు. నమ్మకం లేకపోతే ఇంటినుంచి సీసా తెచ్చుకోండి. ఆరుగురికి మూడు బాటిళ్లు, ఆరు కూల్‌డ్రింకులు కలిపితే అయ్యే ఖర్చు అత్తయ్య సూప్‌కీ నా ప్లేటుకీ సరిపోతుందని నేను మా పిల్లలకి చెప్తాను. వాళ్లకి అర్థమైంది కూడా.

బిల్లు చదవాలి

బిల్లు చేతికి రాగానే కింద మొత్తం చూసి ఫోన్ తీసి స్కాన్ చేసేయడం పెద్దరికం అనుకుంటాం. దయచేసి పై నుంచి కిందకి చదవండి. తీసుకోని ఐటం పడటం, ఒకటి రెండుగా పడటం రద్దీ రోజుల్లో మామూలే. చాలావరకు పొరపాటే, చెప్తే సరిచేస్తారు.

పన్ను విషయానికొస్తే, 2017 నవంబరు నుంచి మామూలు రెస్టారెంట్లలో ఏసీ ఉన్నా లేకపోయినా జీఎస్టీ అయిదు శాతమే, రెండున్నర కేంద్రానిది, రెండున్నర రాష్ట్రానిది. గది అద్దె రోజుకి 7,500 దాటే పెద్ద హోటళ్ల లోపల ఉన్న రెస్టారెంట్‌లో పద్దెనిమిది శాతం. పుట్టినరోజుకి అలాంటిచోట టేబుల్ బుక్ చేసేముందు ఈ తేడా కూడా వేసుకోవాలి. చిన్న హోటళ్లు కొన్ని కాంపొజిషన్ స్కీములో, అంటే చిన్న వ్యాపారులకి జీఎస్టీలో ఉన్న సులువు పద్ధతిలో ఉంటాయి, అవి తమ అమ్మకాల మీద తామే పన్ను కట్టాలి తప్ప మన దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకుండా జీఎస్టీ వేస్తే అడగాల్సిందే. తెలంగాణ నంబర్లు 36తో, ఆంధ్రప్రదేశ్‌వి 37తో మొదలవుతాయి.

సర్వీస్ చార్జీ వేరే సంగతి. అది పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలిపేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, హోటళ్ల సంఘాలు కోర్టుకి వెళ్లాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలని సమర్థించింది. సంఘాలు అప్పీలుకి వెళ్లాయి, ఆ వాదనలు వాళ్లవి. మన లెక్క మనం చూసుకుందాం. రెండు వేల బిల్లుకి పది శాతం సర్వీస్ చార్జీ కలిపితే 2,200, దాని మీద మళ్లీ అయిదు శాతం పన్ను, మొత్తం 2,310. అది లేకపోతే 2,100. ఆ 210 రూపాయలు తీసేయమని అడగొచ్చు. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

అడగడానికి నాకూ సంకోచమే, ఎందుకంటే మనకి వడ్డించిన కుర్రాడి కష్టం గుర్తొస్తుంది. అందుకే మేం ఆ చార్జీ తీయించి, టిప్పు అతని చేతిలోనే పెడతాం. బిల్లులో కలిసిన డబ్బు అతనిదాకా వెళ్తుందో లేదో నాకెలా తెలుస్తుంది? చేతిలో పెట్టింది మాత్రం అతనిదే. పొదుపు పేరుతో ఇంట్లో ఆడవాళ్ల ప్లేటు ఎలా కోయకూడదో, వడ్డించేవాళ్ల టిప్పు కూడా అలాగే కోయకూడదు.

ప్రయాణాల్లో, సినిమాల్లో

విజయవాడ రోడ్డు మీద వెళ్తుంటే హైవే హోటళ్ల రేట్లు చూసి "ఈసారి పులిహోర కట్టుకెళ్దాం" అనుకోవడం మామూలే. మంచి ఆలోచనే. కానీ ఆ పులిహోర కోసం నాలుగింటికి లేచేది ఎవరు అని కూడా అడగాలి. మా ఇంట్లో ఇప్పుడు ప్రయాణం ముందు రాత్రి చపాతీలు మా ఆయన, అమ్మాయి కలిసి చేస్తారు, పులిహోర పులుసు అత్తయ్య ముందే చేసి పెడుతుంది, అన్నం కలపడం నా వంతు. అలా అయితే సరే. ఒక్కరి నిద్ర మీద మిగిల్చే డబ్బయితే, దారిలో ఇడ్లీ తినడమే నయం.

మల్టీప్లెక్సుల్లో బయటి తిండి రానివ్వకపోవడం యజమానుల ఇష్టమేనని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, అయితే తాగునీళ్లు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లలకి తెచ్చుకున్న ఆహారాన్ని అడ్డుకోవద్దని కూడా చెప్పింది. పాప్‌కార్న్ రేటు గురించి బాధపడటం కంటే తినేసి వెళ్లడం, నీళ్లు ఎక్కడున్నాయో అడగడం మేలు. తినేసి వెళ్లమన్న సలహాకి నేను ఒప్పుకునేది ఇలాంటిచోట మాత్రమే. ఎందుకంటే అక్కడికి సినిమా కోసం వెళ్తాం, తిండి కోసం కాదు. భోజనానికని వెళ్తూ ముందే కడుపు నింపుకుని వెళ్లడంలో అర్థం లేదు.

తిరుమల వెళ్తే మేం అన్నప్రసాదం దగ్గరే తింటాం. 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన నిత్యాన్నదానం అది, ఇప్పుడు వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో రోజూ వేలమందికి వడ్డిస్తున్నారు. డబ్బు మిగులుతుంది, నిజమే. నాకు నచ్చేది ఇంకోటి. అక్కడ వరసలో కూర్చున్న మా అత్తయ్యకి మెనూ లేదు, రేటు లేదు, ఎవరికి ఎంత పెట్టాలన్న లెక్క లేదు. వడ్డించేవాళ్లు "ఇంకొంచెం వేయమంటారా అమ్మా?" అంటే "వెయ్యండి" అంటుంది. అలా అనడం ఆవిడకి వచ్చు. హోటల్లో ఆ మాట రానివ్వని పరిస్థితి మేం చేసిందే తప్ప ఆవిడ స్వభావం కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పిల్లలకి ఎంతవరకు చెప్పాలి?

ఇది నాకు ఇంకా పూర్తిగా తేలని విషయం. ఫార్వర్డ్‌లో ఉన్నట్టు మెనూ దాచడం నాకు నచ్చదు. మేం బయల్దేరేముందే "ఈ పూటకి ఇంత" అని అంకె చెప్పేస్తాం. పిల్లలిద్దరూ తలో ఐటం ఎంచుకోవచ్చు, అది ఎవరూ కాదనరు. అలాగే నానమ్మ, తాతయ్య, నేను, వాళ్ల నాన్న కూడా ఒక్కో ఐటం చెప్పాలి. చెప్పకపోతే ఆర్డర్ పూర్తవదు. ఇది మా అమ్మాయి పెట్టిన నియమం, పట్టుబట్టి అమలు చేసేది కూడా తనే. మొత్తం అంకె దాటేలా ఉంటే అందరం మార్చుకుంటాం, ఒక్కరే మానుకోరు.

మా మావయ్యకి ఇది నచ్చలేదు. "పిల్లలు హోటల్‌కి వచ్చేది సరదా పడటానికి, అక్కడ కూడా లెక్కలు నేర్పితే ఎలా? ఆ వయసులో వాళ్లకి డబ్బు బాధ తెలియకూడదు" అంటారు. ఆయన చిన్నప్పుడు ఇంట్లో ప్రతిదానికీ డబ్బు మాటే విని పెరిగారు, అందుకే మనవలకి అది తగలకూడదని ఆయన ఆరాటం. ఆ ఆరాటాన్ని నేను గౌరవిస్తాను. పిల్లాడు కొన్నాళ్లు మెనూలో అన్నిటికన్నా చవకైనదే వెతికి చెప్పేవాడు, అప్పుడు నాకూ భయమేసింది, వాడు కూడా "నాకేం వద్దులే" నేర్చుకుంటున్నాడేమోనని. వాడితో విడిగా కూర్చుని, "ఇంత అని అనుకున్నామంటే అది ఖర్చు పెట్టడానికే, దాచడానికి కాదు" అని చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు వాడు అంకెకి సరిగ్గా సరిపోయేలా ఆర్డర్ వేయడం ఒక ఆటలా ఆడుతున్నాడు, టిప్పుతో సహా.

అయినా నేను చెప్పే వైపే ఉన్నాను. దాస్తే పిల్లలకి రెండే కనిపిస్తాయి. నాన్న మొహంలో టెన్షన్, అమ్మ ముందు ఖాళీ ప్లేటు. ఆ రెంటికీ వాళ్లంతట వాళ్లే ఏదో అర్థం చెప్పుకుంటారు. అంకె చెప్తే కనీసం దాని గురించి మాట్లాడుకోవచ్చు. మావయ్య కూడా క్రితం నెల నుంచి అలిగినట్టే ఉంటూ తన ఐటం తాను చెప్తున్నారు, పెరుగు వడ. ఫార్వర్డ్ పెట్టిన మా తోడికోడలికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వచ్చే ఆదివారం పిన్నత్తయ్యని కూడా తీసుకుని రెండిళ్లవాళ్లం కలిసి వెళ్తున్నాం. ఆవిడకి ఏం తినాలనుందో ముందు రోజే ఇంట్లో అడిగి చెప్పమన్నాను. తను ఇంకా చెప్పలేదు.